మంచినీళ్ల తొట్టి

పోయిన వారం చిన్నకోడల్ని పరిశోధనశాల మేడ మీద, వాననీళ్ల డ్రమ్ము ముందు గొంతుక్కూర్చోబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. డ్రమ్ము అంచు మీద బొటనవేలి గోరంత కప్పపిల్ల ఒకటి కూర్చుని ఆమెనే చూస్తోంది. ఇందులో అంతగా నోరు వెళ్లబెట్టాల్సిందేముందని అడిగేవాళ్ల కోసం వెనకటి కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

చిన్నకోడలి ఉద్యోగం తోకకప్పల్ని పెంచడం. నవ్వకండి, నెలనెలా జీతం వచ్చే ఉద్యోగమే. ఊరి చెరువు నిండా పెరిగిపోయిన కలుపు మీద మందు కొట్టించాలని మున్సిపాలిటీ అనుకుంటోంది. కొడితే చెరువులో ఉన్న జీవాలకి ఏమవుతుందో తేల్చి చెప్పమని పరిశోధనశాలని అడిగింది. తోకతో ఈదే వయసులో కప్ప చర్మం మహా పలచన, నీళ్లలో ఏముంటే అది ఒంట్లోకి పోతుంది. అందుకని ముందు దాన్నే అడిగి చూడాలి. చిన్నకోడలు ఒకే కప్ప పెట్టిన గుడ్లు తెచ్చి, గాజుతొట్లని మూడు వరసలుగా పేర్చి పెంచింది. మొదటి వరస ఉత్త మంచినీళ్లు. రెండో వరసలో అవే నీళ్లు, కొంచెం కలుపు మందు. మూడో వరసలో ఎక్కువ మందు.

మూడో వరసలో పిల్లలు బక్కచిక్కిపోయి, తోకలు వంకర్లు తిరిగి, ఈదబోతే గుండ్రంగా తిరుగుతున్నాయి. మొదటి రెండు వరసలకీ మాత్రం తేడా ఏమీ కనపడలేదు. అంటే కొంచెం మందు వల్ల నష్టం లేదన్నమాట. నివేదిక రాసేసి అందరూ చేతులు దులుపుకుందామనుకుంటున్న వేళ, మేడ మీద డ్రమ్ములో ఈ కప్పపిల్ల కనపడింది.

మిగిలిన గుడ్లని పారబోయడానికి మనసొప్పక, అప్పట్లో ఆమే వాటిని తెచ్చి ఆ వాననీళ్లలో వదిలింది. వదిలి మరిచిపోయింది. ఇప్పుడు ఆ డ్రమ్ములోవి కాళ్లొచ్చి, తోకలు పోయి, గట్టెక్కి గంతులేస్తున్నాయి. కింద మంచినీళ్ల తొట్టిలో ఉన్న వాటి తోబుట్టువులు ఇంకా ముందుకాళ్లు కూడా రాక తోకలు ఆడించుకుంటూ తిరుగుతున్నాయి. మందు చుక్క పడని తొట్టిలో పిల్లలు ఎందుకు ఎదగలేదన్నది ప్రశ్న. పోయినసారి అక్కడ ఆపాం.

చిన్నకోడలు నాలుగు కప్పపిల్లల్ని సీసాలో వేసుకుని మెట్లు దిగి, నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

డైరెక్టరు విరిగిన కుర్చీ చేతికి టేపు చుడుతున్నాడు. కొత్త కుర్చీ కోసం అర్జీ పెట్టడం కంటే పాతది అతికించుకోవడం తేలికని నమ్మే మనిషి. సీసా వంక చూశాడు, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మేడ మీద ఎండ," అన్నాడు. "వేడికి తొందరగా పెరుగుతాయి. ఈ సంగతి నీకు నేను చెప్పాలా?"

"తొందరగా పెరుగుతాయి సార్. కాకపోతే వేడికి తొందరపడి పెరిగినవి చిన్నగా ఉండాలి. వీటిని తూచాను. ఒక్కోటీ దిట్టంగా ఉంది."

డైరెక్టరు టేపు చుట్టడం ఆపాడు. "తిండి?"

"మన తొట్లలోవాటికి రోజూ ఆకుకూర ఉడకబెట్టి పెడుతున్నాను. డ్రమ్ములోవి నాచు గీక్కుని బతికాయి. బాగా ఎదగాల్సింది మనవి."

"అయితే ఇంక మిగిలింది నీళ్లే."

"నీళ్లే సార్."

ఈ మాట అనడానికే ఆమె ఇంతదూరం వచ్చింది. అనేశాక మాత్రం అనకుండా ఉండాల్సిందనిపించింది. ఎందుకంటే ఆ నీళ్లు ఆమె ఇంటి బావివి. మొదట్లో కుళాయి నీళ్లే వాడేవాళ్లు. ఎండలు ముదిరాక కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలపడం మొదలుపెట్టారు. మొదటి విడత పిల్లలన్నీ ఒక్క పూటలో చచ్చి తేలిపోయాయి. అప్పుడు చిన్నకోడలే, మా ఇంటి బావి నీళ్లు తెస్తాను సార్, వీధి వీధంతా తాగే నీళ్లు, అంది. ఉప్పు చూశారు, పులుపు చూశారు, క్లోరిన్ చూశారు. అన్నీ బాగున్నాయి. కలుపు మందు ఉందేమో చూద్దామని ఎవరికీ తోచలేదు. ఇంటి బావిలో అదెందుకుంటుంది?

"నీళ్లలోనే మందుందనుకో," అన్నాడు డైరెక్టరు, ఒక్కో మాటా తూచినట్టు. "అప్పుడు మన మంచినీళ్ల తొట్టి మంచినీళ్ల తొట్టే కాదు. దేనితో పోల్చి దేన్ని తేలుస్తాం? ఏడాది పని నీళ్లపాలు."

"తప్పు నివేదిక ఇచ్చేకంటే అదే నయం కదా సార్."

"నయమే. కానీ రేపు మధ్యాహ్నం మున్సిపాలిటీ సభ. కొంచెం మందు కొట్టుకోవచ్చా లేదా అని అడుగుతారు. మేడ మీద కప్ప గెంతింది, అందుకని చెప్పలేం అంటే నవ్వుతారు." ఆయన లేచి, బీరువాలోంచి ముదురు రంగు గాజుసీసా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "బావి నీళ్లు పట్టుకురా. పరీక్షగది ఆవిడకి చెప్పి ఉంచుతాను, పొద్దున్నే ముందు నీదే చూస్తుంది. అవునో కాదో తేలాకే సంతకం. సరేనా?"

"సరే సార్."

"అయినా మీ ఇంటి బావిలోకి కలుపు మందెలా వస్తుందమ్మా?"

చిన్నకోడలు సీసా సంచిలో పెట్టుకుని, బస్సు టైమైందని చెప్పి బయటపడింది.

ఆమె చెప్పలేని సంగతి నేను చెప్తాను. మామగారి వృత్తే కలుపు మందు కొట్టడం. రోడ్ల పక్కన, ఆటస్థలాల అంచుల్లో, గోదాముల వెనక, ఎక్కడ పిచ్చిమొక్కలు పెరిగినా ఆయనకి కబురొస్తుంది. ఊళ్లో అందరూ ఆయన్ని మందాయన అంటారు. కొత్తవాళ్లు ఆ పేరు విని తాగుబోతనుకుంటారు గానీ ఆయన టీ తప్ప ఇంకేమీ ముట్టడు. ఇక జాగ్రత్త అంటారా, అంత జాగ్రత్త మనిషిని నేనైతే చూడలేదు. మోకాళ్ల దాకా బూట్లు, మోచేతుల దాకా తొడుగులు. మందు డబ్బాలు పెరట్లో రేకుల షెడ్డులో తాళం వేసి ఉంటాయి. ఆయన పని బట్టలు ఆయనే వేరే బకెట్లో ఉతుక్కుంటాడు. స్నానం చేశాకే ఇంట్లో అడుగు. ఇలాంటి ఇంట్లో బావిలోకి మందు పోయే దారేదో చిన్నకోడలికి బస్సులో ఎంత ఆలోచించినా తట్టలేదు. తట్టనందుకు కొంచెం ధైర్యంగానే ఉంది.

ఇంటికి చేరేసరికి అత్తగారు బావి గట్టు కడుగుతోంది. ఇల్లు మామగారిదే అయినా బావి మాత్రం అత్తగారిది. కాపురానికి వచ్చిన రోజు నుంచీ దాని మీద పెత్తనం ఆవిడదే. కుళాయి రాని రోజున వీధిలో ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని వస్తే, ఎవరు ముందో ఎవరు వెనకో ఆవిడ చెప్పినట్టే. పరిశోధనశాలకి నీళ్లు కావాలన్న రోజు ఆవిడ సంబరం చూడాలి. క్యాన్లు తనే తోమి, తనే నింపి, మా బావి నీళ్లు సైన్సుకి పోతున్నాయని వీధి చివరి దాకా వినపడేలా చెప్పింది.

"క్యాన్లేవి? ఇంత బుడ్డి సీసా తెచ్చావేం?" అంది. "మీ కప్పలకి దాహం తీరిపోయిందా?"

"ఇవాళ్టికి ఇది చాలు అత్తయ్యా." చిన్నకోడలు మొదటి బకెట్టు తోడి పారబోసి, రెండో బకెట్టులోంచి సీసా అంచు వేలికి తగలకుండా నింపి మూత బిగించింది.

ఈ వైనమంతా అత్తగారు చూస్తూనే ఉంది. "పట్టే తీరు చూస్తే పెంచడానికి కాదే, పరీక్షకి పడుతున్నట్టుంది."

"పరీక్షకే."

"నా బావికా?" ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "నా పిల్లలిద్దరూ పుట్టినప్పటి నుంచీ ఈ నీళ్లే తాగారు. నీ మొగుడు తాగి పెరిగింది ఈ నీళ్లే. వాడికేం తక్కువైంది?"

"అది నన్నడక్కండి అత్తయ్యా, చాలా పెద్ద లిస్టు."

మామూలు రోజైతే ఆవిడ నవ్వేది. ఇవాళ నవ్వలేదు. సరిగ్గా అప్పుడే పెద్దకోడలు వీధి గుమ్మంలోకి వచ్చింది. నిండు నెలలు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో పెద్ద గ్లాసు. నీళ్లు బాగా తాగమని డాక్టరు చెప్పాక ఆ గ్లాసు ఆమె చేతిని వదల్లేదు.

"అక్కా, ఆ నీళ్లు తాగకు," అంది చిన్నకోడలు.

"కాచి చల్లార్చినవేనే."

"కాస్తే పొయ్యేది కాదది. ఈ ఒక్కరోజుకీ కొట్లోంచి సీసాలు తెప్పిస్తాను, అవి తాగు."

పెద్దకోడలు గ్లాసు వంకా తోడికోడలి మొహం వంకా చూసి, ఇంకేమీ అడక్కుండా గ్లాసు కింద పెట్టేసింది. చిన్నకోడలు ఎప్పుడూ గోరంతలు కొండంతలు చేసే మనిషి కాదని ఆమెకి తెలుసు. అత్తగారికీ తెలుసు. అందుకే ఆవిడ మొహంలో కోపం పోయి భయం వచ్చింది.

చిన్నకోడలికీ భయంగానే ఉంది, దాచడం దేనికి. మనుషులు కప్పలు కారు. తోకకప్పని ఎదగనివ్వని మందు మనిషిని ఏం చేస్తుందో, కడుపులో బిడ్డని ఏమైనా చేస్తుందో చెయ్యదో ఆమెకి తెలియదు. ఏమీ కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క ఆధారం లేదు. అది ఆమెని కుదురుగా నిలబడనివ్వలేదు.

పెరటి తలుపు చప్పుడైంది. మామగారు పని నుంచి వచ్చాడు.

మామూలుగా ఈ వేళకి చిన్నకోడలు తొట్ల దగ్గర ఉంటుంది. ఆయన పనిలోంచి వచ్చి ఏం చేస్తాడో ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఇవాళ సీసా పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. ఆయన వీపు మీది పిచికారీ డబ్బా దింపి, అందులో నీళ్లు పోసి బాగా కుదిపాడు. షెడ్డు వెనక్కి నడిచి, గోడ వార ఉన్న చెక్క పలక పక్కకి జరిపి, కడిగిన నీళ్లన్నీ అందులోకి వంచాడు. ఒకసారి కాదు, డబ్బాలో నురగ పోయేదాకా కడిగి కడిగి వంచాడు.

"ఇవాళ తొందరగా వచ్చేశావేం తల్లీ," అన్నాడు ఆమెని చూసి. "దగ్గరికి రాకు, తొడుగులు ఇంకా తియ్యలేదు."

"అదేంటి మామయ్యా?"

"గుంట." ఆయన మొహం విప్పారింది. "ఎన్నిసార్లు చూపిద్దామనుకున్నానో, నీకేమో తీరిక లేదు. అడుగున కంకర, మీద ఇసక. ఒక్క చుక్క నిలవదు. ఎన్ని నీళ్లు పోసినా ఇట్టే ఇంకిపోతాయి."

పెరడు ఎత్తు. ఇంటి పక్కన బావి పల్లం. చిన్నకోడలు గుంట దగ్గర నుంచి షెడ్డు మీదుగా బావి గట్టు దాకా ఒకసారి చూసింది. మధ్యలో ఎంతో దూరం లేదు.

"ఎక్కడికి ఇంకిపోతాయి మామయ్యా?"

"భూమిలోకి."

"మన బావిలోకి నీళ్లెక్కణ్ణించి వస్తాయి?"

ఆయన నవ్వబోయాడు. ఆమె చేతిలో సీసా చూశాడు. పెరటి గుమ్మంలో నిలబడ్డ భార్యని చూశాడు. చేతిలో డబ్బా మెల్లగా కింద పెట్టి, తొడుగులు తీసే సంగతి మరిచిపోయి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"కాలవలో పోస్తుంటే వద్దన్నావు కదమ్మా," అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఎక్కడ పొరపాటు పడ్డాడో తెలుసుకోవాలని అడుగుతున్నాడంతే. "నువ్వే చెప్పావు. ఆ నీళ్లు చెరువులోకి పోతాయి, కప్పలు చచ్చిపోతాయి, ఇంకెక్కడన్నా పొయ్యండి మామయ్యా అన్నావు. అప్పుడే తవ్వించాను."

అన్నది. అక్షరాలా అదే మాట అన్నది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన డబ్బా కడిగి వీధి కాలవలో పారబోస్తుంటే చూసి, భయపడుతూనే చెప్పింది. కొత్తకోడలు నోరు విప్పి ఒక మాట చెప్పింది కదా అని ఆయన ఆ మాట నెత్తిన పెట్టుకున్నాడు. తరవాతెప్పుడో ఆమె బస్సు కోసం పరిగెడుతుంటే, గుంట తవ్వించానమ్మా అన్నాడు. చాలా మంచిపని చేశారు మామయ్యా అని గేటు దగ్గర్నుంచే అనేసి వెళ్లిపోయింది. సిమెంటు తొట్టి అనుకుంది. నీళ్లు అందులోనే నిలబడి ఎండకి ఆరిపోతాయనుకుంది. చెరువులో కప్పల గురించి అంత ఆలోచించిన మనిషి, ఇంకెక్కడన్నా అంటే ఎక్కడ అని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

"తప్పు మీది కాదు మామయ్యా. సగం మాట చెప్పి ఊరుకున్నాను. నాది."

"ఎవరిదైతే ఏం," అంది అత్తగారు గుమ్మంలోంచి. "ఆ నీళ్లు నా చేత్తో తోడి వీధందరికీ పోశాను." ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లింది. బావి మీద మూత పడిన చప్పుడు, ఆ మీద రోలు దొర్లించిన చప్పుడు వినపడ్డాయి.

ఆ చప్పుళ్లు ఆగాక మామగారు తలెత్తాడు. "పరీక్షలో ఉందనే తేలుతుందా?"

"తేలుతుందనే అనుకుంటున్నాను. కప్పలు ముందే చెప్పేశాయి."

"తేలితే సభలో చెప్పాలా?"

"చెప్పాలి. మా తొట్టిలోవి మంచినీళ్లు కావు, కొంచెం మందు ఫరవాలేదని మేం ఇప్పుడు చెప్పలేం అని. నీళ్లు ఎక్కడివని అడుగుతారు."

"మందాయన ఇంటివని చెప్పు." ఆయన ఒక్కో తొడుగూ విప్పి, పైవైపు చేతికి తగలకుండా జాగ్రత్తగా పక్కన పెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది. "ఇన్నాళ్లూ జాగ్రత్త జాగ్రత్త అని అందర్నీ చంపుకు తిన్నాను. నవ్వితే నవ్వుతారు. పెద్దకోడలికీ బిడ్డకీ ఏమీ కాకుండా ఉంటే అంతే చాలు."

ఆయన ఇలా అంటాడని చిన్నకోడలు అనుకోలేదు. దుఃఖంతో పాటు కొంత నిబ్బరం కూడా వచ్చింది. మూత పెట్టేశాం. గుంట పూడ్పించవచ్చు. వీధిలో ఇంటింటికీ తనే వెళ్లి చెప్పవచ్చు, తిడితే పడవచ్చు. డాక్టరు దగ్గరికి అక్కని రేపే తీసుకెళ్లవచ్చు. ఎంత పెద్ద తప్పయినా ఒక్క బావి, ఒక్క వీధి.

"ఒక్క బావే కదా మామయ్యా," అంది పైకే. "సర్దుకుందాం."

ఆయన లేచాడు. గుంట మీది పలక మెల్లగా దాని చోటికి జరిపి, దాని మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఒక్కటి కాదమ్మా," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు చెప్పిన మాట నాకెంత నచ్చిందంటే, మా సంఘం మీటింగులో లేచి చెప్పాను. కాలవలో పొయ్యకండిరా, చెరువు పాడైపోతుంది, మా కోడలు సైంటిస్టు, తను చెప్పింది అని. కంకర ఎంత, ఇసక ఎంత, నేనే వెళ్లి దగ్గరుండి తవ్వించాను. ఊళ్లో మందు కొట్టేవాడి ఇల్లు ఏదైనా చూడు, పెరట్లో ఇలాంటి గుంట ఉంటుంది."

చిన్నకోడలు చేతిలో సీసా జారిపోకుండా రెండు చేతులా పట్టుకుంది.

"వెళ్లి నీ పేరు చెప్తే వాళ్లే చూపిస్తారు తల్లీ, గొప్పగా చూపిస్తారు," అన్నాడు మందాయన, నేల చూపులు చూస్తూ. "మా వాళ్లంతా దీన్ని కోడలిగుంట అంటారు."